పసిపిల్లల పడకగది: మంచం, అలమర ఎన్నుకోవడం ఎలా?

పిల్లల ఆరోగ్యం అనగానే తల్లిదండ్రులకు ఆహారం, టీకాలు, మందులు గుర్తుకు వస్తాయి. బిడ్డ రోజులో సగభాగం గడిపే చోటు మాత్రం గుర్తుకు రాదు. ఒకటి, రెండు సంవత్సరాల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు, నాలుగేళ్ల వారికి 10 నుంచి 13 గంటలు నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అనగా పసిబిడ్డ జీవితంలో దాదాపు సగం పడక మీదనే గడుస్తుంది. ఆ పడక దేనితో చేసినది, దాని కింద ఏమున్నది, పక్కన నిలబడిన బీరువా ఎంత స్థిరంగా ఉన్నది అనే ప్రశ్నలు అలంకారానికి సంబంధించినవి కావు, ఆరోగ్యానికి సంబంధించినవి.

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటినీ శరీరాన్ని నిలబెట్టే ఉపస్తంభాలుగా చరక సంహిత సూత్రస్థానం పేర్కొన్నది. సుఖదుఃఖాలు, పుష్టి, కార్శ్యం నిద్రపై ఆధారపడి ఉంటాయని కూడా ఆ గ్రంథమే మరొకచోట చెప్పింది. కొత్త ఇల్లు కట్టుకున్నవారు, ఫ్లాటు కొనుక్కున్నవారు "బిడ్డకు వేరే గది ఏర్పాటు చేస్తున్నాము, ఎటువంటి మంచం కొనమంటారు?" అని నన్ను తరచుగా అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు విడివిడిగా చెబుతూ వచ్చిన సమాధానాలను ఈ వ్యాసంలో ఒకచోట చేర్చుతున్నాను.

ప్రాచీనులు చెప్పిన కుమారాగారం

పిల్లలకు ప్రత్యేకమైన గది అనే ఆలోచన విదేశాల నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు. చరక సంహిత శారీరస్థానంలోని ఎనిమిదవ అధ్యాయంలో కుమారాగారం, అనగా శిశువుండే గృహం ఎలా ఉండాలో వివరంగా ఉన్నది. వాస్తువిద్య తెలిసినవాడు దానిని నిర్మించాలి. అది చీకటి లేనిదై ఉండాలి. ఎదురుగాలి కొట్టకూడదు, కాని ఒక వైపు నుంచి గాలి రావాలి. దృఢంగా ఉండాలి. ఎలుకలు, పురుగులు, కోరలున్న జంతువులు చొరబడరాదు. ఋతువుకు తగిన పడక, ఆసనం, కప్పుకొనే బట్టలు అందులో అమర్చి ఉండాలి.

పడక విషయంలో ఆచార్యుడు చెప్పిన నియమాలు మరింత ఆసక్తికరమైనవి. శిశువు పడక, పరుపు, దుప్పటి మృదువుగా, తేలికగా, శుభ్రంగా, సువాసనతో ఉండాలి. చెమట, మురికి, పురుగులు పట్టినవాటిని, మలమూత్రాలతో తడిసినవాటిని విడిచిపెట్టాలి. కొత్తవి సమకూర్చుకొనే స్తోమత లేనివారు వాటినే బాగా ఉతికి, ధూపం వేసి, పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. మధ్యతరగతి గృహస్థు సంగతి కూడా ఆలోచించి చెప్పిన మాట ఇది. ఖరీదైన పడక కంటె ఉతికి ఎండబెట్టగల పడక మేలు అనేదే దీని సారాంశం. ఈ వ్యాసంలో చెప్పబోయే సలహాలలో ఎక్కువ భాగం ఈ ఒక్క సూత్రం నుంచి పుట్టినవే.

ఏ వయస్సుకు ఏ పడక?

పుట్టినది మొదలు సంవత్సరం నిండే వరకు బిడ్డను తల్లి గదిలోనే, తల్లికి చేతికందే దూరంలో, విడిగా ఉన్న పడకపై పడుకోబెట్టడం క్షేమం. ఈ వయస్సులో బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి. పడక మీద దిండు, మెత్తని బొమ్మ, వదులుగా ఉన్న దుప్పటి ఉంచరాదు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టడం కొన్ని ఇళ్లలో ఆచారం. అది అవసరం లేదు. దిండు పక్కకు జరిగి ముఖానికి అడ్డు వస్తే తొలగించుకొనే శక్తి పసిబిడ్డకు ఉండదు.

శాస్త్రం పడక మృదువుగా ఉండాలన్నది కదా, మీరు మెత్తనివి వద్దంటున్నారేమిటి అని కొందరు అడుగుతారు. మృదుత్వం చర్మానికి తగిలే బట్టలో ఉండాలి, శరీరం కూరుకుపోయే పరుపులో కాదు. నలిగి నలిగి మెత్తబడిన నూలుచీర పరచిన గట్టి పరుపు ఈ రెండు నియమాలకూ సరిపోతుంది.

చీరతో కట్టిన ఉయ్యాల మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నది. పెద్దలు దగ్గర కూర్చొని ఊపుతున్నంత సేపు దానిని వాడవచ్చు. రాత్రంతా బిడ్డను అందులో వదలడం మంచిది కాదు. బట్ట మధ్యలో కుంగినప్పుడు పసిబిడ్డ గడ్డం ఛాతీకి ఆని శ్వాస మార్గం ఇరుకవుతుంది. బిడ్డ పక్కకు దొర్లడం, లేచి కూర్చోవడం మొదలుపెట్టిన నాటి నుంచి చీర ఉయ్యాలను తీసివేయాలి. మెడకు బట్ట చుట్టుకొనే ప్రమాదం ఆ వయస్సులోనే మొదలవుతుంది.

కటకటాల మంచం, అనగా నాలుగు వైపులా చువ్వలున్న తొట్టి మంచం, రెండు మూడేళ్ల వరకు పనికివస్తుంది. కొనేటప్పుడు కొలబద్ద వెంట తీసుకొని వెళ్లండి. చువ్వకు, చువ్వకు మధ్య దూరం 6 సెంటీమీటర్లకు మించరాదు. అంతకంటె ఎక్కువైతే బిడ్డ శరీరం జారి తల ఇరుక్కుంటుంది. పరుపుకు, చట్రానికి నడుమ రెండు వేళ్ల కంటె ఎక్కువ సందు ఉండరాదు. మూలల్లో పైకి పొడుచుకొని వచ్చిన గుబ్బలు ఉంటే బిడ్డ చొక్కా, మెడలోని తాడు వాటికి తగులుకుంటాయి. కనుక అటువంటివి అందంగా కనిపించినా వద్దు. నిద్రపుచ్చే ముందు మెడలోని తాయెత్తు తాడును తీసివేయడం కూడా మరువరాదు. బిడ్డ చువ్వల మీద కాలు వేసి ఎక్కడం మొదలుపెట్టినా, 35 అంగుళాల ఎత్తుకు చేరినా ఆ మంచానికి కాలం తీరినట్లే.

ఆ తరువాత కావలసినది ఎత్తు తక్కువ మంచం. బిడ్డ మంచం అంచున కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. ఇంతకు మించిన కొలత అవసరం లేదు. అర్ధరాత్రి మూత్రానికి లేచిన బిడ్డ చీకటిలో దూకనక్కరలేకుండా దిగగలగాలి. "ఎదిగే పిల్లవాడు కదా" అని 3 అడుగుల వెడల్పు, ఆరుంబావు అడుగుల పొడవు ఉన్న పెద్ద మంచం ముందే కొనడంలో తప్పు లేదు. అయితే దాని ఎత్తు తక్కువగా ఉండాలి, లేదా కాళ్లు తరువాత పెంచుకొనే వీలుండాలి. మొదటి ఏడాది మంచం పక్కన నేల మీద ఒక బొంత పరచి ఉంచితే, దొర్లి పడినా దెబ్బ తగలదు. స్థలం లేనివారు, ఖర్చు పెట్టలేనివారు నేల మీద చాప, దానిపై పరుపు వేసి పడుకోబెట్టినా ఈ వయస్సు బిడ్డకు లోపం లేదు. పడిపోయే భయం లేని పడక అదే. అయితే నేల చెమ్మగిల్లనిదై ఉండాలి, పరుపును ప్రతి ఉదయం ఎత్తి నిలబెట్టాలి.

అంతస్తుల మంచం గురించి ఒక హెచ్చరిక

ఇద్దరు పిల్లలున్న ఇళ్లలో చోటు కలిసివస్తుందని ఒకదానిపై ఒకటి ఉండే అంతస్తుల మంచం కొంటున్నారు. ఆరేళ్లు నిండని బిడ్డను పై అంతస్తులో పడుకోబెట్టరాదన్నది నిపుణులందరూ అంగీకరించిన నియమం. మన ఇళ్లలో దీనికి మరొకటి చేర్చుకోవాలి. మన గదులకు పైకప్పు పంకా ఉంటుంది. పై పరుపు నేల నుంచి 5 అడుగుల ఎత్తులో ఉన్నదనుకుందాము. దానిపై మూడున్నర అడుగుల బిడ్డ నిలబడి చేయి పైకెత్తితే వేళ్లు 9 అడుగులు దాటుతాయి. 9, 10 అడుగుల కప్పు ఉన్న గదిలో తిరిగే పంకా రెక్కలు ఆ ఎత్తులోనో, అంతకంటె కిందనో ఉంటాయి. ఈ లెక్క వేసుకోకుండా అటువంటి మంచం కొనవద్దు.

కర్ర, ఇనుము, రంగులు

టేకు, వేప, మామిడి వంటి గట్టి కర్రతో చేసి, నునుపుగా చిత్రిక పట్టిన మంచం ఉత్తమం. తాత ముత్తాతల నాటి పట్టె మంచం ఇంట్లో ఉంటే దాని కాళ్లు కోయించి బిడ్డకు వాడుకోవచ్చు. అయితే పాత కర్ర సామానుకు వేసిన రంగును గమనించాలి. మన దేశంలో ఇళ్లకు వాడే రంగులలో సీసం 90 పి.పి.ఎం.కు మించరాదనే నిబంధన 2017 నవంబరు 1 నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులలో సీసం అధికంగా ఉండవచ్చు. పళ్లు వచ్చే వయస్సులో పిల్లలు మంచం అంచులను కొరుకుతారు. సీసం కొద్దికొద్దిగా శరీరంలో చేరినా మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. పెచ్చులూడుతున్న పాత రంగును ఇంట్లో పొడిగా గీకితే ఆ ధూళి మరింత ప్రమాదం. ఆ పనిని ఇంటికి దూరంగా, బిడ్డ లేనిచోట, తడిపి చేయించాలి.

అంగళ్లలో చవకగా దొరికే మంచాలు, అలమరలు చాలావరకు కర్రపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలతో తయారవుతాయి. ఆ జిగురులో ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు ఉంటుంది. ఇది కళ్లను, ముక్కును, గొంతును మండిస్తుంది. దీనిని మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో చేర్చింది. కొనేటప్పుడు సొరుగు తెరచి వాసన చూడండి. కళ్లు చెమర్చేటంత ఘాటు ఉంటే ఆ వస్తువు బిడ్డ గదికి పనికిరాదు. పలక అంచులు, వెనుక వైపు అతుకులేకుండా మూసి ఉన్నాయో లేదో చూడండి. వాయువు ఎక్కువగా వెలువడేది తెరచి ఉన్న అంచుల నుంచే. కొన్న తరువాత కొన్ని వారాలు గాలి ఆడే గదిలో తలుపులు, సొరుగులు తెరచి ఉంచి, వాసన పూర్తిగా పోయిన తరువాతనే బిడ్డను ఆ గదిలో పడుకోబెట్టండి.

ఇనుప మంచం చవక, మన్నిక ఎక్కువ. దాని అతుకుల వద్ద పదును, తుప్పు లేకుండా చూసుకోవాలి. మడత మంచాలు పసివారి వేళ్లను నలిపే అవకాశం ఉన్నందున వద్దు. నవారు మంచం వేసవిలో హాయిగా ఉంటుంది, కాని నవారు వదులైతే నడుమ కుంగుతుంది. ఎదిగే వెన్నుకు అది మంచిది కాదు కనుక తరచుగా బిగించాలి. నులక మంచం అల్లికలో నల్లులు చేరతాయి. వాడేవారు వారానికొకసారి ఎండలో వేసి, అతుకుల్లో మరిగే నీళ్లు పోయాలి.

మంచం కింద అర కావాలా?

చిన్న ఇళ్లలో మంచం కింద సామాను దాచుకొనే పెట్టె మంచాలు విరివిగా అమ్ముడవుతున్నాయి. పెద్దల మాట ఎలా ఉన్నా, పసిబిడ్డకు వీటిని నేను సిఫారసు చేయను. పసివారికి తలలో చెమట ఎక్కువ. నిద్రలో మూత్రం పోయడం కూడా ఆ వయస్సుకు సహజం. ఆ తడి పరుపులోకి దిగుతుంది. కింద గాలి ఆడితే ఆరుతుంది. కింద మూసిన పలక ఉంటే తడి అక్కడే నిలిచి బూజు పడుతుంది. పాత బట్టలు, పుస్తకాలు నిండిన పెట్టె మీద పడుకొనే బిడ్డ రాత్రంతా ఆ దుమ్మునే పీల్చుతాడు. రాత్రి పూట మాత్రమే వచ్చే దగ్గు, తెల్లవారుజామున తుమ్ములతో వచ్చే పిల్లలను చూసినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న "పడక ఎక్కడ, దాని కింద ఏమున్నది?" అనేదే. పైగా పైపలకను ఎత్తి దించే మంచాలలో చేతులు, మెడ నలిగే ప్రమాదం కూడా ఉన్నది.

చోటు తప్పనిసరిగా కావాలంటే నేల మీద జారే, పూర్తిగా బయటకు లాగగలిగే తక్కువ ఎత్తు పెట్టెలు రెండు మంచం కింద ఉంచండి. పెట్టెకు, మంచానికి మధ్య జానెడు ఖాళీ ఉండాలి. వారానికొకసారి వాటిని లాగి నేల తడిబట్టతో తుడవాలి. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ పరుపు మీదనే పడుతుంది.

పరుపు, దుప్పటి

పత్తి దూది పరుపు మన వాతావరణానికి అనువైనది. ఎండలో వేయవచ్చు, గడ్డ కడితే దూది ఏకించి మళ్ళీ కుట్టించవచ్చు. బూరుగు దూది తేలికగా, మెత్తగా ఉంటుంది. సంవత్సరం లోపు శిశువుకు ఆ మెత్తదనం తగదు, మూడేళ్లు దాటినవారికి పలుచగా వేయవచ్చు. కొబ్బరిపీచు పరుపు గట్టిగా ఉండి ఎదిగే పిల్లల వెన్నుకు ఆధారం ఇస్తుంది, గాలి కూడా ఆడుతుంది. స్పంజి పరుపు వేసవిలో వేడి చేస్తుంది, తడిస్తే ఆరడం కష్టం. ఏది కొన్నా అరచేతితో నొక్కి చూడండి. చేయి తీసిన వెంటనే గుంట పూడిపోవాలి.

పరుపు మీద పలుచని రబ్బరు గుడ్డను గట్టిగా కట్టి, దానిపై మందపాటి నూలుబట్ట, ఆ పైన దుప్పటి వేయాలి. రబ్బరు గుడ్డ బిడ్డ చర్మానికి తగలరాదు. దుప్పట్లను వారానికొకసారి వేడినీటిలో ఉతకాలి. పరుపులలో ఉండి ఉబ్బసాన్ని రేపే సూక్ష్మజీవులు 60 డిగ్రీల వేడినీటిలో చనిపోతాయి. పరుపును రెండు వారాలకొకసారి మధ్యాహ్నపు ఎండలో రెండు వైపులా వేసి, తరువాత బయటనే దులపాలి. అమ్మమ్మల నూలుచీరలతో కుట్టిన బొంత పసిపిల్లలకు శ్రేష్ఠమైన పరుపు. ఉతకడానికి, ఎండబెట్టడానికి దానికి మించినది లేదు.

మంచానికి నాలుగు వైపులా దోమతెర కట్టే వీలుండాలి. పూర్వపు పందిరి మంచంలోని సౌకర్యం ఇదే. మలేరియా, డెంగీ ఉన్న ఊళ్లలో దోమతెర అంచులను పరుపు కిందికి మడవడం బిడ్డకు ఇచ్చే ఏ కషాయం కంటె ముఖ్యం. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది కనుక పగటి నిద్రలో కూడా తెర దించాలి.

మంచం ఎక్కడ వేయాలి?

కిటికీ కింద మంచం వేయరాదు. పిల్లలు మంచం మీద నుంచి కిటికీ ఎక్కుతారు. పై అంతస్తుల్లో ఉన్నవారు ఇనుప చట్రం లేని కిటికీ ఉన్న గదిని పసిబిడ్డకు ఇవ్వరాదు. పరదాల తాళ్లు, ప్లగ్గు పెట్టే రంధ్రాలు, టేబుల్ ఫ్యాను తీగలు బిడ్డ చేతికి అందరాదు. మంచాన్ని గోడకు పూర్తిగా ఆనించాలి, లేదా అడుగున్నర దూరం జరపాలి. నడిమి సందులో బిడ్డ జారి ఇరుక్కుంటాడు. వర్షాకాలంలో చెమ్మ ఎక్కే గోడ అయితే దూరంగా జరపడమే మంచిది. దిక్కుల పట్టింపు ఉన్నవారు తల తూర్పుకో, దక్షిణానికో పెట్టుకోవచ్చు. అయితే దిక్కు కోసం మంచాన్ని చెమ్మ గోడకు, కిటికీకి చేర్చడం తగదు. గాలీ వెలుతురే కుమారాగారానికి మొదటి లక్షణం.

అలమరలు, బీరువాలు

పసిపిల్లల గదిలో అన్నిటికంటె ప్రమాదకరమైన వస్తువు చాలామంది అనుమానించనిది: గోడకు బిగించని అలమర. రెండేళ్ల బిడ్డ సొరుగులను ఒక్కొక్కటిగా లాగి మెట్లలా ఎక్కుతాడు. బరువంతా ముందుకు వచ్చి అలమర మొత్తం అతని మీద పడుతుంది. ఈ విధంగా పిల్లలు మరణించిన కారణంగా 2016లో ఐకియా సంస్థ అమెరికాలో సుమారు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బల్లలను వెనక్కు తీసుకోవలసి వచ్చింది. 2022లో అక్కడ దీనిపై ప్రత్యేక చట్టమే చేశారు. మన ఇళ్లలో నిలువుటద్దం ఉన్న ఇనుప బీరువాలు అంతకంటె బరువైనవి.

అందుచేత బిడ్డ గదిలోని ప్రతి అలమరను, బీరువాను, పుస్తకాల బల్లను పైభాగంలో ఇనుప పట్టీలతో గోడకు మరలు వేసి బిగించాలి. వడ్రంగికి ఇది అరగంట పని. బరువైన సామాను కింది అరలలో పెట్టాలి. టీవీని, సూట్‌కేసులను అలమర పైన పెట్టరాదు. బిడ్డకు ఇష్టమైన బొమ్మను ఎత్తైన చోట దాచరాదు. దాని కోసమే ఎక్కుతాడు. మంచానికి సరిగా పైనున్న అటక మీద బరువులు ఉంచరాదు. గోడలోనే కట్టిన అలమరలున్న ఇల్లు అదృష్టం. వాటికి తలుపులు బిగిస్తే చాలు, వేరే బీరువా అవసరం లేదు.

బొమ్మల కోసం బరువైన మూత ఉన్న ట్రంకు పెట్టె వద్దు. మూత వేళ్ల మీద, మెడ మీద పడుతుంది. దాగుడుమూతలలో బిడ్డ లోపల దూరితే ఊపిరి ఆడదు. మూత లేని వెదురు బుట్టలు, తాటాకు బుట్టలు మేలు. బిడ్డ నడుము ఎత్తులో రెండు తెరచిన అరలు ఉంచి, బొమ్మలు, బట్టలు తానే తీసుకొని తానే సర్దుకొనేలా నేర్పితే క్రమశిక్షణ కూడా అలవడుతుంది.

ఆటవస్తువుల గురించి కూడా చరకుడు చెప్పిన లక్షణాలు నేటి భద్రతా నియమాలకు తీసిపోవు. అవి రంగురంగులుగా, శబ్దం చేసేవిగా, తేలికగా ఉండాలి. మొన పదునుగా ఉండరాదు, నోటిలో పట్టరాదు, ప్రాణహాని చేయరాదు, భయం కలిగించరాదు. మూడేళ్ల లోపు బిడ్డకు ఒకటింబావు అంగుళం వెడల్పు రంధ్రంలో పట్టే ఏ వస్తువూ ఇవ్వరాదు. ఏటికొప్పాక లక్క బొమ్మలలో పెద్దవి ఈ వయస్సుకు బాగుంటాయి. కొండపల్లి బొమ్మలు చూడముచ్చటైనవే కాని, సన్నని భాగాలు విరిగి నోటిలోకి వెళతాయి కనుక వాటి చోటు పై అర. నాణెం ఆకారపు చిన్న బ్యాటరీలున్న బొమ్మలను మాత్రం ఆ గదిలోకి రానివ్వవద్దు. అటువంటి బ్యాటరీ మింగితే రెండు గంటలలోనే అన్ననాళం కాలిపోగలదు. ఇంటి వైద్యం చేయకుండా తక్షణం ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి.

కలరా ఉండలు, కర్పూరం వద్దు

బట్టల పెట్టెలో కలరా ఉండలు వేయడం మనకు అలవాటు. ఇవి నాఫ్తలీన్ అనే రసాయనంతో తయారైనవి. చూడడానికి తెల్లని మిఠాయిలా ఉంటాయి. మింగితే ప్రమాదం సరే, వాటితో నిలవ ఉంచిన బట్టలు తొడిగినందుకే నవజాత శిశువులకు రక్తకణాలు విచ్ఛిన్నమై తీవ్రమైన కామెర్లు వచ్చిన సందర్భాలు వైద్య గ్రంథాలలో నమోదై ఉన్నాయి. జి6పిడి అనే ఎంజైము లోపమున్న పిల్లలకు ఈ ప్రమాదం అధికం. ఆ లోపం ఉన్నట్లు ముందుగా తెలియదు. కాబట్టి పిల్లల అలమరలో కలరా ఉండలు ఎన్నడూ వద్దు.

వాటికి బదులు కర్పూరం వేద్దామా అంటే అదీ తగదు. కొద్దిపాటి కర్పూరం మింగినా పసిపిల్లలకు మూర్ఛలు వస్తాయి. జలుబు చేసిందని కర్పూరాన్ని మూటగట్టి బిడ్డ మెడలో వేయడం, పడకలో పెట్టడం మానాలి. నీడలో ఎండించిన వేపాకును, వట్టివేళ్లను పలుచని గుడ్డసంచులలో కుట్టి పై అరల మూలల్లో ఉంచి, మూడు నెలలకొకసారి మార్చండి. బట్టలను బాగా ఎండలో ఆరవేసి, వేడి చల్లారిన తరువాత మడతపెడితే పురుగు పట్టదు. ఇంటి వైద్యానికి వాడే వేపనూనె, నీలగిరి తైలం, మాత్రలు వగైరా ఏవీ బిడ్డ గదిలో ఉండరాదు. సహజమైనవన్నీ నిరపాయమైనవి కావు. వేపనూనె కడుపులోకి వెళ్లి పసిబిడ్డలు ప్రాణాపాయ స్థితికి చేరిన సందర్భాలు ఉన్నాయి.

ధూపం ఎలా వేయాలి?

శిశువు పడకకు, బట్టలకు ధూపం వేయడానికి యవలు, ఆవాలు, అవిసెలు, ఇంగువ, గుగ్గులు, వస మొదలైనవాటిని నేతితో కలిపి వాడాలని చరకుడు చెప్పాడు. కాశ్యప సంహితలో ధూపాలకు ఒక అధ్యాయమే ఉన్నది. ఇక్కడ చరకుడు ధూపం వేయమన్నది వస్త్రాలకు, పడకకు అని గమనించాలి. స్నానం చేయించిన శిశువును సాంబ్రాణి పొగలో పట్టుకొనే అలవాటు నేడు మానుకోవాలి. ఏ పొగ అయినా పసివారి సున్నితమైన శ్వాసనాళాలకు హాని చేస్తుంది. బిడ్డను వేరే గదిలో ఉంచి, పడకకు కొద్దిపాటి ధూపం వేసి, కిటికీలు తెరచి, పొగ వాసన పూర్తిగా పోయిన తరువాతనే తీసుకొని రండి. ఉబ్బసం, తరచుగా దగ్గు ఉన్న పిల్లల ఇళ్లలో ధూపం బదులు ఎండనే వాడుకోండి.

కొత్త పడకకు అలవాటు చేయడం

ఎంత మంచి మంచం కొన్నా మొదటి రాత్రే బిడ్డను ఒంటరిగా వదలవద్దు. ముందు పగటి నిద్రకు అలవాటు చేయండి. రెండు మూడు వారాలు తల్లో, నాన్నమ్మో పక్కన కూర్చొని కథ చెప్పి నిద్రపుచ్చండి. పడుకొనే ముందు అరికాళ్లకు కొద్దిగా గోరువెచ్చని నువ్వుల నూనె రాసి మృదువుగా మర్దన చేస్తే నిద్ర సుఖంగా పడుతుంది. నేల మీద జారకుండా పాదాలు తుడిచి దింపండి. "పడుకోకపోతే బూచివాడు వస్తాడు" అనే మాట ఆ గదిలో వినిపించరాదు. ఏడ్చే బిడ్డను, తినని బిడ్డను రాక్షసుల, పిశాచాల పేర్లు చెప్పి భయపెట్టరాదని చరకుడు స్పష్టంగా నిషేధించాడు. చీకటికి భయపడే బిడ్డకు చిన్న రాత్రి దీపం చాలు.

పక్క తడిపినందుకు అసలు కోపగించవద్దు. ఐదేళ్లు నిండే వరకు అది వ్యాధి కాదు. ఆ తరువాత కూడా కొనసాగినా, పూర్తిగా మానిన బిడ్డ మళ్ళీ మొదలుపెట్టినా వైద్యునికి చూపించాలి.

ఖర్చు క్రమం

ధనం పరిమితంగా ఉన్నవారికి నేను చెప్పే క్రమం ఇది. మొదట గట్టిగా, శుభ్రంగా ఉన్న పరుపు, దానికి రెండు జతల నూలు దుప్పట్లు. రెండవది, ఇంట్లో ఉన్న బీరువాలను గోడకు బిగించడం. మూడవది దోమతెర. నాల్గవది కిటికీకి చట్రం. మంచం ఐదవది మాత్రమే. మొదటి నాలుగూ అమర్చిన గదిలో నేల మీద పడుకొన్న బిడ్డ, అవి లేని గదిలో ఖరీదైన మంచం మీద పడుకొన్న బిడ్డ కంటె క్షేమంగా నిద్రపోతాడు. మంచం కోసం డబ్బు కూడబెడుతున్న తల్లిదండ్రులు ఈ వారంలోనే ఒక వడ్రంగిని పిలిపించి రెండవ పనిని పూర్తిచేయించమని నా మనవి.